ఎండాకాలం గుట్టలెక్కేవాళ్లకి హైడ్రేషన్ బ్లాడర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైదరాబాద్ చుట్టుపక్కల ట్రెకింగ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది ఫిబ్రవరి దాటితే ఆపేస్తారు. నేను ఏప్రిల్, మే నెలల్లో కూడా ఎక్కుతాను. భువనగిరి కోట, ఖాజాగూడ గుట్టలు, వికారాబాద్ దగ్గర అనంతగిరి, ఎక్కడికెళ్లినా కొన్నేళ్లుగా నా వీపున ఉండేది రెండు లీటర్ల హైడ్రేషన్ బ్లాడరే, అంటే బ్యాగులో పెట్టుకుని ట్యూబుతో తాగే మెత్తటి నీళ్ల సంచి. నిటారు దారికి ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు. అయినా దీన్నొక్కదాన్నే నమ్ముకుని మాత్రం ఎండలో గుట్టెక్కొద్దు.

దీని విలువ భువనగిరిలో తెలుస్తుంది. అక్కడ గుట్టంతా ఒకటే బండ. కింద మెట్లుంటాయి. పైకి పోయేకొద్దీ నున్నటి రాయి మీద కమ్మీ పట్టుకుని ఎక్కాలి, చేతులు ఖాళీ ఉండవు. సీసా అయితే ఆగాలి, బ్యాగు దింపాలి, మూత తీయాలి. అంత పని ఎవరు చేస్తారు? ‘ఆ మలుపు దాటాక తాగుదాంలే’ అనుకుంటాం. ట్యూబు భుజం మీదే ఉంటే నడుస్తూనే రెండు గుక్కలు పడతాయి. మన పొడి ఎండలో చెమట పట్టినట్టే ఉండదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనబడితే గానీ ఒంట్లోంచి ఎంత పోయిందో తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా పది పదిహేను నిమిషాలకోసారి గుక్కెడు తాగడం నాకు ఈ ట్యూబు వల్లే అలవాటైంది.

ఇక ఇబ్బందులు. ట్యూబులో నిలిచిన నీళ్లు ఎండకి కాగిపోతాయి, మొదటి గుక్క నోట్లో పెట్టుకోలేం. తాగిన ప్రతిసారీ ట్యూబులోకి గాలి ఊదితే నీళ్లు వెనక్కి సంచిలోకి పోతాయి, ఆ బాధ తప్పుతుంది. రాత్రి సంచిలో సగం లోపు నీళ్లు పోసి, ట్యూబు ఊడదీసి ఫ్రీజర్లో పడుకోబెడతాను. పొద్దున మిగతాది కుండనీళ్లతో నింపుతాను. గుట్ట పైకి చేరేదాకా చల్లగానే ఉంటాయి.

ఖాజాగూడలో ఇంకో తంటా. బండల సందుల్లోంచి దూరేటప్పుడు ట్యూబు చివర వేలాడే వాల్వ్, అంటే కొరికితే నీళ్లు వదిలే మూతి, రాతికి రాసుకుంటుంది. రాతిపొడి దాని చీలికలో చేరి, కొరికి తాగగానే పళ్ల మధ్య కరకరమంటుంది. వాల్వ్‌కి మూత ఉన్న రకమే తీసుకోండి.

అన్నిటికన్నా పెద్ద లోపం, లోపల ఎన్ని నీళ్లున్నాయో కనబడకపోవడం. ట్యూబు గుర్రుమని గాలి పీల్చినప్పుడే అయిపోయాయని తెలుస్తుంది. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు ఎండ ముదురుతుంది, పైగా వేసవిలో వాలు మీద రాతి గరుసు జొన్నలు పోసినట్టు జారుతుంది, అనంతగిరిలో ఎండుటాకులు కూడా అంతే. ఒక్కో అడుగూ చూసి వేయాలి, అంటే ఎక్కువసేపు ఎండలోనే ఉంటాం. అందుకే పైకి చేరగానే బ్యాగు విప్పి చూస్తాను. సగం కన్నా తక్కువుంటే అక్కడితో సరి, ఇంకో శిఖరం జోలికి పోను. పక్క జేబులో ఒక స్టీలు సీసా కూడా ఎప్పుడూ ఉంటుంది. దాన్ని కిందికి దిగేదాకా ముట్టుకోను.

ఓఆర్ఎస్ గానీ, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మరసం గానీ సంచిలో పోయకండి. ట్యూబు లోపల జిగురు పట్టి బూజొస్తుంది, ఎంత కడిగినా వాసన పోదు. అవి వేరే సీసాలో కలుపుకోండి, కానీ తప్పకుండా తీసుకెళ్లండి. గంటల తరబడి చెమటోడ్చి ఒట్టి నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. ఎవరికైనా తలనొప్పి మొదలై మాట తడబడితే నీడకి చేర్చి ఒళ్లు తడపాలి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటికి రాగానే సంచి కడిగి, తలకిందులుగా వేలాడదీసి, గోడలు అతుక్కోకుండా లోపల ఒక గరిటె పెడతాను. కొనేటప్పుడు చెయ్యి పట్టేంత వెడల్పు నోరు ఉందో లేదో చూసుకోండి. ముందు పాడయ్యేది వాల్వే. నా దాంట్లో అదొక్కటే మార్చాను, సంచి ఇంకా పాతదే. వాల్వ్ విడిగా దొరుకుతుందా అని కొట్లో ముందే అడగండి.