చెసపీక్ 17 కిట్: గరాజ్‌లో కట్టుకున్న సముద్రపు కయాక్

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని అనాపోలిస్‌లో చెసపీక్ లైట్ క్రాఫ్ట్ అని ఒక కంపెనీ ఉంది. ఇంట్లో సొంతంగా పడవ కట్టుకునేవాళ్లకి కిట్లు, ప్లాన్లు అమ్ముతుంది. చెసపీక్ 17 వాళ్ల పాత డిజైన్లలో ఒకటి, ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి సముద్రపు పడవ (కయాక్). 17 అడుగుల పొడవు, రెండడుగులకు కాస్త అటూ ఇటూ వెడల్పు, పూర్తయ్యాక 20 కిలోల పైచిలుకు బరువు. మేం కట్టింది అదే. చవకగా కయాక్ వస్తుందనుకుంటే మాత్రం దీని జోలికి పోకండి. కిట్టే వెయ్యి డాలర్లు దాటుతుంది. తెడ్డు, లైఫ్ జాకెట్, వార్నిష్, గరుకు కాగితం, డబ్బాలకొద్దీ గ్లవ్స్ అన్నీ ఆ పైన ఖర్చే. కట్టే పని మీద ఇష్టం ఉంటే మాత్రం నిశ్చింతగా కొనండి.

కిట్‌లో వచ్చే పలకలు 4 మిల్లీమీటర్ల ఒకూమే ప్లైవుడ్. ఒకూమే ఆఫ్రికాలోని గాబన్ వైపు పెరిగే చెట్టు. తేలిగ్గా, లేత గులాబీ రంగులో ఉంటుంది. పలకలన్నీ కంప్యూటర్‌తో నడిచే మిషన్ మీద కోసి పంపుతారు కాబట్టి కొలతల టెన్షన్ ఉండదు. ముక్కల కొసలు కలిపి ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అతికిస్తే పడవ పొడవునా వచ్చే పలకలు తయారవుతాయి. అడుగుకి రెండు, పక్కలకి రెండు. అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాల్లోంచి రాగి తీగ దూర్చి, మెలిపెట్టి బిగిస్తూ పోతే, అప్పటిదాకా నేలమీద చదునుగా పడున్న చెక్క ఒక్క సాయంత్రంలో పడవ ఆకారంలోకి లేచి నిలబడుతుంది. ఈ పనంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అదే.

అప్పుడు మా నాన్న అమెరికాలో మా దగ్గరే ఉన్నారు. మా సొంతూరు కాకినాడ దగ్గర ఉప్పాడ. ఆ తీగ కుట్లు చూసి, "మన తీరంలో కూడా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లమ్మా, మేకు కొట్టేవాళ్లు కాదు" అన్నారు. నిజమే. కోరమండల్ తీరంలో మసూలా పడవలు అలా కుట్టినవే. కెరటం విసిరి ఒడ్డుకేసి కొట్టినా పలకలు కాస్త కదిలి, దెబ్బని తట్టుకునేవి. ఇక్కడి కుట్టు పని వేరు. జిగురు గట్టిపడేదాకా పలకల్ని పట్టుకుని ఉండటమే దాని వంతు. చెక్కపొడి కలిపిన ఎపాక్సీ ముద్దని లోపలి మూలల వెంట నింపి, అది ఆరాక బయట తీగని కత్తిరించేస్తాం. ఆ మీద లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ బట్ట. తెల్లటి బట్ట మీద ఎపాక్సీ పోసి రబ్బరు పలకతో లాగుతుంటే అది అద్దంలా మారి, కింద చెక్క గీతలన్నీ పైకి తేలతాయి. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చూశారు.

పైకప్పు, అంటే డెక్, వంచి బిగించేటప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లనో స్నేహితులనో పిలవాల్సిందే. పట్టీలతో లాగి, వంపు కుదిరేలా పట్టుకుని, కంచు మేకులు కొట్టుకుంటూ పోవాలి. ఒక్కరితో అయ్యే పని కాదు.

ఎపాక్సీని తేలిగ్గా తీసుకోకండి. చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి అలర్జీ పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు. గ్లవ్స్ తప్పనిసరి. సాండింగ్ చేసేటప్పుడు మంచి మాస్క్ ఉండాలి, గుడ్డ మాస్క్ పనికిరాదు. ఇక సాండింగ్ గురించి ఉన్నమాట చెప్పాలంటే, కట్టడం కంటే రుద్దడమే ఎక్కువ. మా ఆయన భుజం నొప్పి పుట్టి ఆ పని నాకు అప్పగించేశారు. నాకైతే పాటలు పెట్టుకుని రుద్దుతుంటే హాయిగానే ఉండేది.

వార్నిష్ దగ్గర మాకో దెబ్బ తగిలింది. దగ్గర్లోని ఒక హార్డ్‌వేర్ షాపువాళ్లు "పడవకీ వాడొచ్చు" అని ఇచ్చిన డబ్బా ఒక్క వేసవికే పొట్టు లేచిపోయింది. ఎపాక్సీకి ఎండ పడదు. దాన్ని కాపాడేది పైనున్న వార్నిషే. కాబట్టి ఎండని అడ్డుకునే మెరైన్ వార్నిష్ అని డబ్బా మీద స్పష్టంగా ఉంటేనే కొనండి. మొత్తం గీకి మళ్లీ వేశాం.

నీళ్లమీద ఇది బాణంలా నిటారుగా పోతుంది. అనాపోలిస్ దగ్గర చెసపీక్ అఖాతం మీదున్న బే బ్రిడ్జి దగ్గర మోటారు బోట్లు లేపే అలల్లో కూడా ధీమాగా ఉంటుంది. మలుపు తిప్పాలంటే మాత్రం నడుముతో పడవని ఒక పక్కకి వంచడం నేర్చుకోవాలి. బాగా ఎత్తూ బరువూ ఉన్న మనిషి క్యాంపింగ్ సామాను వేసుకుని పోవడానికి గీసిన డిజైన్ ఇది. మా ఆయనకి అతికినట్టు సరిపోయింది. నేనొక్కదాన్నే ఎక్కితే పడవ పైకి తేలి, గాలికి పక్కకి జరుగుతుంది. సన్నగా ఉన్నవాళ్లు డెక్ ఎత్తు తక్కువగా ఉండే 17ఎల్‌టీ చూడటం మంచిది.

వైజాగ్, కాకినాడ నుంచి అడిగేవాళ్లకి నా సలహా: కిట్ తెప్పించుకుంటే రవాణా ఖర్చే నడ్డి విరుస్తుంది, ప్లాన్లు మాత్రం కొనుక్కోండి. ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్‌కి భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న రకం అడగండి. గర్జన్ చెక్కతో చేసినదైతే ఒకూమే కన్నా బరువు, కాబట్టి పడవ కూడా బరువెక్కుతుంది. మన ఎండలకి ఎపాక్సీ గిన్నెలోనే వేడెక్కి గడ్డకట్టేస్తుంది. నెమ్మదిగా ఆరే హార్డెనర్ (ఎపాక్సీలో కలిపే, దాన్ని గట్టిపరిచే ద్రవం) తీసుకుని, కొద్దికొద్దిగా కలుపుకుని, తెల్లవారుజామున పని పెట్టుకోండి.