మడమ నొప్పికి నైట్ స్ప్లింట్: ఎంతవరకు పనికొచ్చింది

నిద్ర లేచి తొలి అడుగు వేయగానే మడమలో చురుక్కుమని పొడిచి, నాలుగు అడుగులు నడిచాక సర్దుకునే నొప్పిని వైద్యులు ఎక్కువగా అరికాలి కింది దళసరి కణజాలం దెబ్బతినే ప్లాంటార్ ఫేషియైటిస్‌గా భావిస్తారు. నా విషయంలో ఆ మాట ఖాయం కాలేదు. ఒక వైద్యుడు అదేనన్నారు, మరొకరు చీలమండ లోపలి వైపు నరం నొక్కుకుపోతోందేమోనని అనుమానించారు. ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లులాంటి చిన్న పెరుగుదల కనిపించింది గానీ, ఏ నొప్పీ లేనివారిలోనూ అలాంటిది ఉండవచ్చు కనుక దానివల్ల ఏదీ తేలలేదు. రాత్రి పడుకునేటప్పుడు పాదానికి కట్టుకునే నైట్ స్ప్లింట్ వాడి చూడమన్నది అప్పుడే.

మనం నిద్రపోయినప్పుడు పాదం తనంతట తానే కిందికి వాలుతుంది. దానితో పిక్క కండరాలు, మడమ నుంచి వేళ్ల మొదళ్ల వరకు అరికాలి కింద ఉండే ఫేషియా అనే ఆ కణజాలం రాత్రంతా ముడుచుకొని ఉండి, ఉదయం బరువు పడగానే ఒక్కసారిగా సాగుతాయి. స్ప్లింట్ పాదాన్ని కాలికి సుమారు 90 డిగ్రీల కోణంలో నిలిపి ఉంచి ఈ ముడుచుకోవడాన్ని ఆపుతుంది. ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. పిక్క వెనుక నుంచి అరికాలి కింద వరకు గట్టి ప్లాస్టిక్ ఉండే బూటు తరహా స్ప్లింట్ పాదాన్ని కదలనివ్వదు గానీ చెమట పట్టిస్తుంది, పక్కకు తిరిగి పడుకోనివ్వదు, దాని వెల్క్రో పట్టీలు దుప్పటికి చిక్కుకుంటాయి. పాదం పైభాగాన అమరే రెండో రకం తేలికగా ఉంటుంది, అరికాలికి గాలి తగులుతుంది, కానీ పట్టీ బిగిస్తే పాదం మీద నొక్కుకొని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. రెండూ వాడిన మీదట నాకు రెండోదే నయమనిపించింది, ఎందుకంటే నిద్ర పట్టక అర్ధరాత్రి విప్పి పారేసే స్ప్లింట్ ఎంత గట్టిగా పట్టి ఉంచినా లాభం లేదు. ఏ రకమైనా దానితోనే లేచి నడవడం ప్రమాదం. బూటు తరహా దాని అడుగు నున్నటి నేల మీద జారుతుంది.

ఫలితం సగమే దక్కింది. కొన్ని వారాలకు ఉదయపు పోటు స్పష్టంగా తగ్గింది, సాయంత్రం అరికాల్లో వచ్చే మంట, చీమలు పాకినట్టుండే తిమ్మిరి మాత్రం అలాగే ఉన్నాయి. నా దృష్టిలో ఈ వస్తువు వల్ల కలిగిన అసలు ప్రయోజనం ఈ తేడా బయటపడటమే, ఎందుకంటే అంతవరకు అన్నిటినీ కలిపి కాలు నొప్పి అనే చెబుతూ వచ్చాను. ఏ నొప్పి ఏ వేళ, ఏ చోట వస్తోందో విడివిడిగా చెప్పాక వైద్యుడు చీలమండ లోపలి ఎముక వెనుక వేలితో తట్టి చూశారు, అరికాలిలోకి జివ్వుమంది, దాంతో నరం మీద అనుమానం పెరిగింది. నరాల పరీక్షలో మాత్రం ఏమీ కనిపించలేదు. ఆ పరీక్ష బాగున్నంత మాత్రాన నరం ఒత్తిడి లేదని చెప్పలేరట. అందువల్ల రెండు అనుమానాలూ ఇంకా మిగిలే ఉన్నాయి. పోటు తగ్గింది కాబట్టి ఫేషియైటిసే అని కూడా అనలేము, ఎక్కువమందికి ఈ నొప్పి ఏడాదిలోపు దానంతటదే తగ్గుతుంది.

అన్ని మడమ నొప్పులకూ దీన్ని కొనడం మాత్రం సరికాదు. మధుమేహం వల్ల పాదంలో స్పర్శ తగ్గినవారికి పట్టీ ఒరిపిడి తెలియకుండానే పుండు కావచ్చు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వస్తే ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు, అది మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. వయసు ఎక్కువ లేనివారికి రెండు మడమలూ నొప్పి చేసి, ఉదయం నడుము కూడా పట్టేస్తుంటే కీళ్లవాత నిపుణులను కలవడం ముందు జరగాలి.

దీనికంటే ముందు వాడిన సిలికాన్ మడమ మెత్తలు నిలబడి పని చేసేటప్పుడు హాయినిచ్చాయి గానీ ఉదయపు పోటు మీద ఏ ప్రభావమూ చూపలేదు. పిక్కలను సాగదీసే వ్యాయామం మానేసి స్ప్లింట్ ఒక్కదాన్నే నమ్ముకోవాలనుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. వ్యాయామం చేస్తూనే ఉదయపు తొలి అడుగుకు భయపడుతున్నవారు పాదం పైన అమరే రకాన్ని, కొన్నాళ్లు వాడి తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనడం మేలు. కాలి కొలత సరిపోకపోతే పట్టీలు ఎంత సర్దినా అది నిలవదు.