బెజవాడలో ఎయిర్ రైఫిల్ కొంటున్నారా? ‘ట్రిగ్గర్ లైట్ చేశాం సార్’ అంటే తీసుకోకండి

ముందే చెప్పేస్తున్నా, నా కుడి బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. గోరు ఊడిపోయింది. వేలు దక్కింది, అదే పదివేలు.

మాది గుంటూరు. మా అమ్మాయికి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ (గాలి తుపాకీ) షూటింగ్ మీద మోజు పుట్టింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిన ఈవెంట్ అదే. క్లబ్బులో చేర్చే ముందు ఇంట్లో కాస్త అలవాటు పడుతుందని బెజవాడ వెళ్లి ఒక షాపులో సింగిల్ షాట్ ఎయిర్ రైఫిల్ కొన్నాను. పాతకాలం సైనిక తుపాకీ పోలికతో, చెక్క బట్‌తో (భుజానికి ఆనించే వెనక భాగం) ముచ్చటగా ఉంది. బ్యారెల్ (గొట్టం) వంచి ఒక్కో గుండు పెట్టుకునే స్ప్రింగు రకం. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి అయితే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంతవరకూ బాగానే ఉంది.

బిల్లు కడుతుంటే షాపాయన “పాపకి కదా సార్, ట్రిగ్గర్ కాంపిటీషన్ గన్‌లా లైట్ చేసిచ్చాం” అన్నాడు. కొద్దిగా నొక్కినా పేలేలా అన్నమాట. నేను పొంగిపోయాను. తెలియనితనం అంటే అదే.

ఆదివారం డాబా మీద బ్యారెల్ వంచాను, టక్‌మని స్ప్రింగు పట్టింది. బ్యారెల్‌ని వదిలేసి బొటనవేలితో పెల్లెట్ (చిన్న గుండు) లోపలికి నొక్కుతున్నా. ట్రిగ్గర్ దగ్గర చెయ్యే లేదు. బట్ మోకాలికి కాస్త తగిలిందంతే. బ్యారెల్ ఫట్‌మని పైకి లేచి మూసుకుంది, మధ్యలో నా వేలు. చెయ్యి వదలడం నా తప్పే, ఒప్పుకుంటా. గుండు పెట్టినంతసేపూ రెండో చెయ్యి బ్యారెల్‌ని గట్టిగా పట్టుకునే ఉండాలి.

మా పెదనాన్నగారు ఎన్‌సీసీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించి చూపించారు. బ్యారెల్ వంచినప్పుడు అణిగిన స్ప్రింగుని ఆపేది ఒక చిన్న ఇనుప కొక్కెం, ట్రిగ్గర్ లాగితే అది జారుతుంది. షాపువాళ్లు స్క్రూ తిప్పి, ఆ కొక్కెం అంచు మీద వెంట్రుకవాసి ఆనేలా చేశారు. “పోటీ రైఫిల్ ట్రిగ్గర్ యంత్రాంగమే వేరురా, దీనికి ఆ సోకు దేనికి?” అని తిట్టారు పెదనాన్న. సంచులు తూచే కొక్కెం త్రాసు ట్రిగ్గర్‌కి తగిలించి లాగితే మూడొందల గ్రాములకే వదిలేసింది. సరిచేశాక కిలోన్నర దాటింది. చివర్లో ఇసుక బస్తా వైపు గురి ఉంచి, ఎక్కుపెట్టిన తుపాకీ బట్‌ని గోనెపట్టా మీద రెండు దెబ్బలు వేశారు. పేలలేదు. మీరూ షాపులో ఈ పరీక్ష చేయించాకే డబ్బివ్వండి.

గుళ్ల సంగతి ఇంకో మోసం. ఫ్రీ అంటూ రాగిరంగు స్టీలు గుళ్ల డబ్బా చేతిలో పెట్టారు. ఈ బ్యారెల్ లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి, వాటికి మెత్తటి సీసం గుండే కావాలి. నడుము సన్నగా, వెనక లంగా అంచులా పలచగా ఉండే పెల్లెట్ అయితే గాలికి ఆ అంచు విచ్చుకుని గాళ్లని పట్టుకుంటుంది. స్టీలు గుండు గాళ్లని గీకేస్తుంది, గాలి పక్కనుంచి పోతుంది. పైగా ఎగిరొస్తుంది. నేను రేకు డబ్బా మీద కొడితే తిరిగొచ్చి తులసికోట పెచ్చు లేపింది. పిల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే అని ఆలోచించడమే మానేశాను.

అరగ్రాము చుట్టుపక్కల ఉండే చదునుమూతి సీసం పెల్లెట్లు కొనుక్కోండి, కాగితం మీద గుండ్రంగా చిల్లు పడుతుంది. గుండు లేకుండా ఉత్తినే పేల్చి చూపించే షాపు నుంచి బయటికొచ్చేయండి. ఎదురుగాలి అడ్డు లేక పిస్టన్ (స్ప్రింగు ముందుకు తోసే ముక్క) నేరుగా వెళ్లి లోపల మోదుకుంటుంది. చప్పుడు బాగా రావాలంటే లోపల నూనె చుక్క వేయమని కూడా షాపువాళ్లు చెప్పారు మావాళ్లకి. ఆ నూనె లోపల అంటుకుని పేలుతుంది, సీలు కాలిపోతుంది, స్ప్రింగు విరుగుతుంది. సీసం ముట్టుకున్న చేత్తో అన్నం తినకండి, సబ్బుతో కడుక్కోండి.

షాపుకి ఫోన్ చేస్తే “కస్టమర్లే అడుగుతారు సార్ లైట్‌గా” అన్నాడు. డబ్బు వాపసు లేదు, మెకానిక్ ఖర్చు నాదే. ఆ స్టీలు గుళ్లని మా అత్తగారు వామనగుంటలకి పనికొస్తాయేమోనని చూశారు, మరీ చిన్నవైపోయాయట.