మా పాత మాస్సీకి ఆయిల్ సీలు: చిత్తూరు షెడ్డులో రెండు రోజులు

మా నాయన 1991లో కొన్న మాస్సీ 1035 ట్రాక్టరు ఇంకా నా చేతి కిందే ఉండాది. డ్రమ్ము బ్రేకుల కాలం బండి. ఏడాదిలో రెండు తూర్లు కుడి వెనక చక్రం ఆయిల్ సీలు (యాక్సిల్ కాడ నూనె కారకుండా ఆపే రింగు) మార్పించినా, మా ఊరికి దగ్గర్లో ఒకచోట. రెండు తూర్లూ నెల తిరక్కముందే డ్రమ్ము కింద నల్లగా కారడం మొదలు. కారితే కారనీ, ఆయిల్ పోసుకుంటా పోదామంటే కుదరదు. ఆ నూనె పడేది బ్రేకు లైనింగు మీదనే. పోయిన జూన్‌లో తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ కాడ క్యూలో ఉంటే, వాలులో బ్రేకు తొక్కినా. ఎడమది పట్టింది, కుడిది పట్టలా. బండి ఎడమకు లాక్కుపోయి ముందు లారీకి జానెడు దూరంలో నిలబడింది.

అప్పుడు పట్టుకున్నా చిత్తూరులో ఈ షెడ్డు. బోర్డు మీద అక్షరాలు చెరిగిపోయినాయి. మేస్త్రీకి అరవై దాటుంటాయి.

"అన్నా, సీలు మార్చాల."

"మారుద్దాంలేబ్బా. ముందు యాల పోతాందో చూడనీ."

మొదట చూసింది బ్రీదరు, అంటే యాక్సిల్ లోపలి గాలి బయటికి పొయ్యే చిన్న దారి. అది మట్టితో మూసుకుపోతే లోపలి వేడిగాలికి దారి లేక నూనెను సీలు మీదికి తోస్తాదంట. మాది సగం మూసుకోనుండాది. తర్వాత చక్రం జాకీకెత్తి చేత్తో ఊపినాడు. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు ఎముక తడిమినట్టే, కళ్ళు ఎటో పెట్టి. "బేరింగు ఆడతాంది" అన్నాడు.

టైర్లో నీళ్ళుండాయి కాబట్టి చక్రం విప్పేదానికే నలుగురం కావాల్సొచ్చింది. యాక్సిల్ బయటికి లాగితే బేరింగు వెనక కాలరు, బేరింగును కదలకుండా పట్టుండే ఇనుప కడియం. కాల్చి ఎక్కించిన కాలరు, ఊరికే రాదు. గ్రైండరుతో గాటు పెట్టి, ఉలితో ఒక దెబ్బ కొడితే పగిలింది. ఆ కాలరు మీద సీలు ఆనే చోట నా గోరు పెట్టించి గీకమన్నాడు. గోరు ఇరుక్కునేంత గాడి! ఆ గాడి మీదనే రెండు తూర్లు కొత్త సీలు ఏసిచ్చినారు నాకు. పాత కాలరు ఇంటికి తెచ్చుకున్నా.

కొత్త కాలరును కాల్చి జార్చినాడు, చల్లారేలోపల కరుచుకుంది. లోపలి సీలు, బయటి సీలు, బేరింగు, అన్నీ కొత్తవే. సీలు స్ప్రింగు వైపు నూనె పక్కకుండాలని నన్ను పిలిచి చూపించి మరీ దించినాడు. లైనింగు పెట్రోలుతో కడిగి ఏసేయమని అడిగితే తిట్టినాడు. నూనె తాగింది వేడికి మళ్ళా కక్కుతాదంట.

ఒక్కరోజన్నది రెండ్రోజులైంది. కూర్చునేదానికి పాత టైరు తప్ప ఏమీ లేదు. బిల్లు అడిగితే సిగరెట్టు అట్ట వెనక రాసిచ్చినాడు: సామాన్లు 4,600, కూలి 2,000. ఆ కూలి నాకు ఎక్కువ అనిపించలా.

నాలుగు నెలలైంది. మూడు దుక్కులు దున్నినా, కుడి డ్రమ్ము కింద దుమ్ము పొడిగానే ఉండాది. ఇప్పుడు ఎడమ పక్క రొంత తడి కనపడతాంది. సంక్రాంతి కాంగానే మళ్ళా ఆడికే తోలుకుపోతా, ఈ తూరి ఇంట్లోనుంచి కుర్చీ ఎత్తుకోని.