ఎస్‌ఎస్‌ఐఎస్: క్లస్టర్ నోడ్‌లలోనా, వేరే సర్వర్‌లోనా?

ప్రొడక్షన్‌లో నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్ ఫెయిలోవర్ క్లస్టర్‌కు (ఒక సర్వర్, అంటే నోడ్, పడిపోతే ఇంకోటి పని అందుకునే అమరికకు) ఇంటిగ్రేషన్ సర్వీసెస్ (ఎస్‌ఎస్‌ఐఎస్: డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పనులను, అంటే ప్యాకేజీలను, నడిపే భాగం) జోడించాలంటే రెండు దారులు.

మొదటిది, క్లస్టర్ నోడ్‌లలోనే పెట్టడం. ఇక్కడే చాలామంది పొరబడతారు. డేటాబేస్ ఇంజిన్‌లా ఎస్‌ఎస్‌ఐఎస్ తనంతట తాను నోడ్ మారదు. అందుకే ప్రతి నోడ్‌లోనూ విడిగా సెటప్ నడపాలి. ఒక్క నోడ్‌ను వదిలేసినా, ఫెయిలోవర్ జరిగిన రాత్రే జాబ్‌లు ఆగిపోతాయి. సెటప్ అయ్యాక, ఇంజిన్ ఏ క్యుములేటివ్ అప్‌డేట్‌లో (దిద్దుబాట్ల మూటలో) ఉందో దీన్నీ అక్కడికి తేవాలి. ఆ పని ఖాళీగా ఉన్న నోడ్‌తో మొదలుపెట్టండి. ప్యాకేజీలను దాచే ఎస్‌ఎస్‌ఐఎస్‌డీబీ, 2012 వెర్షన్ నుంచి వచ్చినది, మామూలు డేటాబేసే కాబట్టి ఇన్‌స్టన్స్‌తో (నడుస్తున్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో) పాటే తరలుతుంది. కానీ ఆ క్షణంలో నడుస్తున్న ప్యాకేజీ మాత్రం మధ్యలోనే తెగిపోతుంది. ఇక అసలు చిక్కు మెమరీది: ప్యాకేజీలు ఇంజిన్ ప్రాసెస్ బయట నడుస్తాయి, వాటికి ఇంజిన్ వాడే ర్యామ్‌కు పెట్టే మ్యాక్స్ సర్వర్ మెమరీ హద్దు వర్తించదు. ఆ పరిమితిని ముందే తగ్గించకపోతే పెద్ద లోడ్ నడిచేటప్పుడు రెండూ ర్యామ్ కోసం కొట్టుకుంటాయి.

రెండోది, వేరే సర్వర్. దానికి మళ్లీ లైసెన్స్ కావాలి, డేటా నెట్‌వర్క్ దాటాలి. అయినా ప్రొడక్షన్ నోడ్‌లను ముట్టుకోనక్కర్లేదు, ప్యాచింగ్ కూడా విడిగా చేసుకోవచ్చు.

రాత్రిపూట నడిచే నాలుగైదు చిన్న ప్యాకేజీలకైతే నోడ్‌లే చాలు. పగలంతా లోడ్లు నడిచేచోట నేను వేరే సర్వర్‌నే అడుగుతాను.