స్టాఫ్‌కి హెల్త్ ప్యాకేజీ కొంటున్నారా, డబ్బు కట్టేముందు ఇది చదవండి

భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు రొయ్యల ప్లాంట్లలోనో రైసు మిల్లుల్లోనో స్టాఫ్ పనులు చూసేవాళ్లకి చెబుతున్నానండీ. వెల్‌నెస్ ప్రోగ్రామ్ అంటూ టై కట్టుకుని ఒకాయన వస్తాడు, మనిషికి 1,499కే 72 టెస్టులంటాడు. మా ఓనరు గారిని ఒప్పించింది నేనే, అందుకే ఈ కడుపుమంట.

ఆ 72లో రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ ఒక్కటే 24గా లెక్కేశారు, యూరిన్ రంగు కూడా ఒక టెస్టేనట. సరే, అది పోనీ.

మే నెలలో పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టి రొయ్యల పొట్టు తీసే పీలింగ్ సెక్షన్‌లో అరవై మంది ఆడవాళ్లకి రక్తం తీశారు. ట్యూబులన్నీ థర్మాకోల్ పెట్టెలో పడేసి కారు వెనక సీట్లో పెట్టారు, ఆ కారేమో పన్నెండున్నర దాకా గేటు దగ్గర ఎండలోనే ఉంది. టన్నుల కొద్దీ ఐసుండే ప్లాంటు మాది, ఒక్క గడ్డ అడగలేదు! రొయ్యనైతే అలా ఉంచనిస్తామా?

రక్తం ట్యూబులో పడ్డాక కూడా అందులో కణాలు చక్కెర తింటూనే ఉంటాయట, మామూలు గది వేడికే గంటకి 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. అందుకే షుగర్‌కి ఫ్లోరైడ్ ఉన్న గ్రే మూత ట్యూబు వాడతారు, లేదంటే వెంటనే గిర్రున తిప్పే మెషిన్, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాల నుంచి పైన తేలే నీరు (సీరం) వేరు చేస్తారు. మా దగ్గర ఎర్ర మూత, ఊదా మూత ట్యూబులు తప్ప ఇంకేం కనపడలేదు.

ఎనిమిదేళ్లుగా షుగర్ మాత్ర వేసుకునే ఒకావిడకి ఫాస్టింగ్ 81 వచ్చింది. పది రోజులయ్యాక షిఫ్టులో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. "షుగర్ లేదని కాగితంలో వచ్చింది కదండీ, మాత్ర ఆపేశాను" అంది. గ్లూకోమీటర్‌లో చూస్తే 286.

అసలు వీళ్లందరికీ ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉంది. 21,000 లోపు జీతగాళ్లే, వాళ్ల జీతంలోంచి 0.75 శాతం, కంపెనీ నుంచి 3.25 శాతం నెలనెలా కడుతూనే ఉన్నాం. ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీకి పంపాలన్న ఆలోచన నాకే రాలేదు.

బ్రోచర్ మీద, ల్యాబులకి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర చూసి నమ్మేయకండి. మన దగ్గరకొచ్చే కంపెనీ వేరు, టెస్టు చేసే ల్యాబు వేరు కావచ్చు, మాకు జరిగిందదే. ల్యాబు పేరు అడిగి ఎన్‌ఏబీఎల్ సైట్‌లో వెతకండి, ఏయే టెస్టులకి గుర్తింపు ఉందో అందులోనే ఉంటుంది. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి.

మేం సగమే ఇచ్చాం. మిగతా సగం కోసం రోజూ ఫోన్ చేసేవారు. మా ట్యూబులు ఎన్నింటికి సెంట్రిఫ్యూజ్‌లో పెట్టారో రాసి పంపమన్నాను, అప్పటినుంచి ఫోన్ లేదు.