ఫ్లెక్స్‌బాక్సా, గ్రిడ్డా?

వెబ్ పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్ భాషలో భాగాల్ని అమర్చే రెండు పద్ధతులు ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్. మెనూ బార్‌ని గ్రిడ్‌తోనూ కట్టొచ్చు, కార్డుల్ని ఫ్లెక్స్‌బాక్స్‌తోనూ పేర్చొచ్చు. తేడా తెలిసేది స్క్రీన్ వెడల్పు మారినప్పుడే.

ఫ్లెక్స్‌బాక్స్ లెక్క ఒకే దిశలో నడుస్తుంది: అడ్డంగానో, నిలువుగానో. లోగో ఎడమన, లింకులు కుడిన ఉండాలంటే బార్‌కి డిస్‌ప్లే ఫ్లెక్స్ పెట్టి, లోగోకి మార్జిన్-రైట్ ఆటో (కుడిపక్క మిగిలిన ఖాళీ అంతా) ఇస్తే సరి. ఇంత పనికి గ్రిడ్ దండగ.

కార్డుల దగ్గర మాత్రం గ్రిడ్‌దే పైచేయి. 900 పిక్సెళ్ల పెట్టెలో ఏడు కార్డులు, ఫ్లెక్స్-ర్యాప్ (పట్టనివి కింది వరసకి దిగుతాయి), ఒక్కో కార్డుకి ‘ఫ్లెక్స్: 1 1 250 పిక్సెళ్లు’ (250తో మొదలై, చోటుని బట్టి సాగుతుంది, కుదించుకుంటుంది) అనుకోండి. వరసకు మూడు సర్దుకుంటాయి. ఏడోది ఒంటరిగా కింది వరసంతా సాగిపోతుంది. ఏ వరస లెక్క దానిదే కాబట్టి పై వరసతో దానికి పని లేదు. గ్రిడ్‌లో నిలువు వరసలు అన్నిటికీ ఉమ్మడి. రిపీట్‌లో ఆటో-ఫిల్ (పట్టినన్ని నిలువు వరసలు), మిన్‌మ్యాక్స్‌లో కనీసం 250 పిక్సెళ్లు, గరిష్ఠం 1 ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) ఇస్తే ఏడోది తన గడి దాటదు, మీడియా క్వెరీ (స్క్రీన్ వెడల్పుని బట్టి వేరే నియమాలు) కూడా అక్కర్లేదు. ఆ 250ని 350 చేస్తే మాత్రం 320 పిక్సెళ్ల ఫోన్‌లో పేజీ పక్కకి జరుగుతుంది. అప్పుడు కనీస వెడల్పుని మిన్(100%, 350 పిక్సెళ్లు) అని రాయాలి.

తెలుగు పేజీల్లో రెండింటికీ ఒక తిప్పలుంది. ‘చేయించుకోవాల్సివచ్చినప్పటికీ’ లాంటి మాట విరగదు, గడినే సాగదీస్తుంది. కనీస వెడల్పు ఆటోగా, అంటే లోపలి మాట కన్నా తగ్గకుండా, ఉండటమే కారణం. ఫ్లెక్స్‌లో మిన్-విడ్త్ 0, గ్రిడ్‌లో ఉత్త 1 ఎఫ్‌ఆర్ బదులు మిన్‌మ్యాక్స్(0, 1 ఎఫ్‌ఆర్) ఇవ్వండి. మాట గడి దాటి బయటికొస్తే ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి బ్రేక్-వర్డ్ జోడించండి.